ఒకే పుస్తకంలో రెండు చీటీలు

“మామ్మగారూ, మీరు ముందు కూర్చోండి. కంగారు పడకండి,” అంది మినోరి. కంగారంతా ఆమె గొంతులోనే ఉంది.

హిసానో కూర్చోలేదు. మందుల దుకాణం కౌంటర్ మీద తెరిచి ఉన్న తన మందుల పుస్తకాన్నీ, వెనక బల్ల మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళనీ మార్చి మార్చి చూసింది.

ఆ రేవు ఊళ్ళో ముసలివాళ్ళందరి దగ్గరా అలాంటి పుస్తకం ఉంటుంది. ఏ మందు కొన్నా దుకాణంవాళ్ళు పైన పేరు వేసి ఇచ్చే చీటీ అందులో అంటించుకోవాలి. హిసానో పుస్తకంలో కుడి పేజీ నిండా గుండె మందు చీటీలే. ఎడమ పేజీలో మాత్రం పక్క ఊరి దుకాణం ఇచ్చిన కొత్త చీటీ ఒకటుంది. కాలిగోళ్ళ ఫంగస్‌కి మాత్రలు. ఆ చీటీ పై అంచు ఎవరో కత్తెరతో కత్తిరించారు.

“ఇది మీరే అంటించారా?”

“నేనే. ఇకమీదట అన్నీ ఒకేచోట ఉంటే బావుంటుందని.”

మినోరి ఉద్యోగంలో చేరి మూడు నెలలు. యజమాని ఊళ్ళో లేని రోజే ఇది తగలాలా!

“ఈ రెండింటికీ అస్సలు పడదు మామ్మగారూ.”

హిసానో మొహం వాడిపోయింది. “అస్సలా?”

“మీ గుండె మాత్ర రక్తాన్ని పలచబరుస్తుంది. ఫంగస్ మాత్ర ఆ మందుని ఒంట్లోంచి పోనివ్వదు. పేరుకుపోయిందంటే లోపల రక్తం కారుతుంది. ప్రాణం మీదికొస్తుంది. చిగుళ్ళలోంచి రక్తం వస్తోందా?”

“లేదు.”

“ఒంటి మీద కమిలిన మచ్చలు?”

హిసానో రెండు చేతులూ చాపి చూపించింది. ఒక్క మచ్చ లేదు.

“గుండె దడ?”

ముసలామె చెంపలు ఎర్రబడ్డాయి. “అది ఉందమ్మా. రోజూ సాయంత్రం.”

“ఫంగస్ మాత్ర వేసుకునే వేళకా?”

“సరిగ్గా ఆ వేళకే.”

మినోరి కలం అందుకుంది. “ఇంకా ఏమైనా తేడా?”

“నిద్ర పట్టదు. ఊరికే నవ్వొస్తుంది. నిన్న సముద్రపు నాచు ఆరేస్తూ పాట కూడా పాడాను.”

“నిజమే!” బల్ల మీంచి అందుకుంది, సెలూన్ నడిపే కయో. “మా ఇంటిదాకా వినిపించింది. మందు వికటించిందనే అనుకున్నా. అయినా డెబ్బై మూడేళ్ళకి కాలిగోళ్ళ సోకు ఎవరికోసమే, హిసానో?”

“నీ పని నువ్వు చూసుకోవే!”

మినోరి అన్నీ రాసుకుంది. ‘నవ్వు’ దగ్గర ఆగింది. తను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ లక్షణం లేదు. అంటే జబ్బు ఎంత ముదిరిందో!

“ఫంగస్ మాత్ర ఈ పూటే వదిలేయండి.”

“వదలను,” అంది హిసానో మొండిగా. “కావాలంటే గుండె మాత్ర మానేస్తాను.”

“అయ్యయ్యో! గోళ్ళ కోసం గుండెని వదులుకుంటారా? అంబులెన్స్‌ని పిలుస్తున్నా!” మినోరి ఫోనెత్తింది.

హిసానో ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఆగు అమ్మాయీ. ఒక్క సంగతి చెప్పు. ఆ రెండూ ఒకే ఇంట్లో ఉన్నా ప్రమాదమేనా? ఒకే అలమారలో, పక్కపక్కన?”

“ఉంటే ఏమవుతుంది? ఒకే కడుపులో పడకూడదు, అంతే.”

“అంతేనా! అమ్మయ్య, బతికించావు!” ముసలామె అప్పటికి కుర్చీలో కూలబడి, చిన్నపిల్లలా కాళ్ళూపుతూ పకపకా నవ్వింది.

“నవ్వులాట కాదు మామ్మగారూ! ఇప్పటిదాకా ఎన్ని మింగారో చెప్పండి!”

హిసానో వెనక్కి చూసింది. బల్ల మీది తలలన్నీ ముందుకు వంగాయి. ఇక దాచి లాభం లేదనుకుని తల వంచుకుంది.

“అవి నాకు కాబోయే ఆయనవి.”