సెన్సార్ మీద మూత

“మూత పెట్టింది నేనే. తీయడం మరిచిపోయిందీ నేనే,” అంది ష్వే-మిన్.

నిచ్చెన మీద నిలబడి, గోడకున్న గ్యాసు సెన్సార్ పెట్టెను విప్పుతున్న శాస్త్రవేత్త డాక్టర్ షెన్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపడింది. అది కొలిమి కిందికి దొర్లిపోయింది. ష్వే-మిన్ వంగి తీసి అందించింది.

“ఏ మూత?”

ఆమె ఏప్రన్ జేబులోంచి ప్లాస్టిక్ మూత తీసింది. “పూజ రోజు పెట్టింది. మర్నాడు ఖున్ బాబాయ్ పడిపోయాడని కేకలు వినిపించి పరుగెత్తుకొచ్చాను. తలుపులన్నీ తెరిచి, ఆయన్ని బయటికి లాగాక చూస్తే ఇది ఇంకా దాని మీదే ఉంది. ఎవరూ చూడకుండా తీసి జేబులో వేసుకున్నాను.”

ఏడో నెల పూజ అది. గాంగ్‌షాన్‌లోని స్క్రూల ఫ్యాక్టరీలన్నీ ఆ నెలలో వాకిట్లో బల్లలు వేసి, దిక్కులేక తిరిగే ‘మంచి అన్నల’కు నూడుల్సూ బీరూ పెడతాయి. దయ్యం అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. అగరొత్తులు వెలిగిస్తారు, కాగితపు డబ్బు కాలుస్తారు. ఆ పొగ సోకితే సెన్సార్ మోగుతుంది కనుక పూజ అయ్యేదాకా మూత పెట్టి ఉంచమని చెప్పింది డాక్టర్ షెనే. పూజ ముగిశాక బల్లలు ఎత్తించడంలో, పళ్లు పంచడంలో పడి షిఫ్టు ఇన్‌చార్జి ష్వే-మిన్ మూత సంగతే మరిచిపోయింది. మర్నాడు ఉదయం కొలిమి గొట్టం చీలి కార్బన్ మోనాక్సైడ్ షెడ్డు నిండా కమ్ముకుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కొలిమి దగ్గర పనిచేసే ఖున్ బాబాయ్ ఇంకా కళ్లు తెరవలేదు.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు. ముందు మీకే.”

డాక్టర్ షెన్ నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాడు.

“పెట్టె బిగించిన రోజు బాబాయ్ మిమ్మల్ని ఎంత ఏడిపించాడో గుర్తుందా?” అంది ష్వే-మిన్. “‘డాక్టరూ, నీ పెట్టెలోని మసిపొడి కన్నా నా ముక్కు నయం, దానికి కరెంటు కూడా అక్కర్లేదు’ అన్నాడు.”

“గుర్తుంది.”

“మీరు కాలీఫ్లవర్ విరిచి చూపించారు. పువ్వులో పువ్వు, అందులో ఇంకా చిన్న పువ్వు. దీన్నే ఫ్రాక్టల్ అంటారు, ల్యాబు మంటలో నేను పుట్టించే పొడీ ఇలాంటిదే అన్నారు. లోపలంతా కొమ్మలూ రెమ్మలే కాబట్టి పిసరంత గ్యాసు కూడా దాన్ని తప్పించుకోలేదన్నారు. బాబాయ్ ఆ కాలీఫ్లవర్‌ని మధ్యాహ్నం వేయించుకుని తినేశాడు. ‘సెన్సార్ నా కడుపులో ఉంది, ఇక ఎవరూ భయపడకండి’ అని పొట్ట తట్టుకున్నాడు.”

నవ్వబోయి ఆమె ఏడ్చేసింది. డాక్టర్ షెన్ మొహం తిప్పుకున్నాడు.

“రోజూ ఆస్పత్రిలో ఆయన గది బయట మీరే కూర్చుంటున్నారట. పిన్ని చెప్పింది. తప్పు నాదైతే మీరెందుకు తిండీ నిద్రా మానుకోవడం?”

“ష్వే-మిన్, నా మాట విను. ఆ మూత పారెయ్. ఎవరికీ చెప్పకు.”

“చెప్పకపోతే సెన్సార్ పనికిరాదంటారు. మీరు ఇన్నేళ్లు పడ్డ చాకిరీ నా మతిమరుపు వల్ల మట్టికొట్టుకుపోవాలా?”

“పోనీ. కేసు నీ మీదికొస్తే జైలు. నీకు చంటిపిల్ల ఉంది.”

“బాబాయ్‌కీ పిల్లలున్నారు.”

యజమానురాలు చువాంగమ్మ విసురుగా లోపలికి వచ్చింది. “దిగండి డాక్టరు గారూ. తనిఖీ అధికారి గేటు దాకా వచ్చాడు. ఆ పెట్టె తన కళ్ల ముందే తెరవాలంటున్నాడు.”

“ఇక్కడ తేమ ఎక్కువ. తెరిస్తే లోపలి పొర కూలిపోతుంది. ల్యాబులో నేనే జాగ్రత్తగా...”

“కూలితే కూలనివ్వండి. పాతదైతే బండి పొగకి కూడా గోల పెట్టేది. మీది బిగించాక ఒక్కసారీ అనవసరంగా మోగలేదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. తీరా అవసరం పడ్డ రోజూ మోగలేదు. నా దగ్గర పనిచేసే మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు.”

ష్వే-మిన్ మూతను ఆమె ముందుకు చాపింది.

“తప్పు ఆయనది కాదమ్మా. పూజ అయ్యాక నేను ఇది తీయలేదు.”

చువాంగమ్మ మూత వంక చూసింది, తర్వాత ఆమె వంక. “నువ్వా? నా కూతురి కన్నా నిన్నే నమ్మాను కదే.”

ష్వే-మిన్ తల దించుకుంది.

“డాక్టరు గారూ, ఒక్క మాట,” అంది చువాంగమ్మ. “మూత లేకపోతే మోగేదా?”

డాక్టర్ షెన్ ష్వే-మిన్ కేసి చూశాడు. నిజం చెప్పండి, పరవాలేదు అన్నట్టు ఆమె తలూపింది.

“మోగేది,” అన్నాడతను నేల చూపులు చూస్తూ.

“అయితే దాన్ని తెరవాల్సిన పనేముంది? అధికారితో నేను మాట్లాడతాను. మీరు పట్టుకెళ్లండి. ఏమ్మా, నువ్వు నాతో రా.”

గుమ్మం దగ్గర ష్వే-మిన్ ఆగి, డాక్టర్ షెన్‌కు వంగి దండం పెట్టింది. “మీ పేరు పోగొట్టబోయాను. క్షమించండి.”

అతను పెట్టెను గుండెకు హత్తుకుని కారు దాకా నడిచాడు. లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు.

ఆ పెట్టెలో సెన్సార్ ఏనాడూ లేదు.