టెంపరరీ కరెంటు

ఆ స్థలంలో ఎవరూ ఇల్లు కట్టి నిలవలేరని కారమడైలో అందరూ అన్నారు. అయినా రంజని గోడలు లేపింది. నాలుగు నెలలు కరెంటాఫీసు చుట్టూ తిరిగి, ఆ సాయంత్రమే టెంపరరీ కరెంటు సాధించింది. చీకటి పడ్డాక పచ్చి గోడలు తడపడానికి చెల్లెలు వళ్లితో వచ్చి, మొదటి బల్బు వెలిగించింది.

మోటారు ప్లగ్గు ఇంకా పెట్టనేలేదు. మోటారు గుర్రుమంది. నేల మీది పైపు ఎవరో పట్టుకున్నట్టు లేచి గోడ తడపసాగింది.

"అక్కా, ప్లగ్గు నీ చేతిలోనే ఉండాది. పోదాం రా," అంది వళ్లి, ఆమె చెయ్యి లాగుతూ.

రంజని కాలు కదపలేదు.

"నువ్వు ఎవురైనా కానీ, ఇది నా ఇల్లు," అంది చీకటితో. "పడమటి గోడ కూడా తడుపు."

మోటారు ఒక్క క్షణం ఆగింది. తర్వాత పైపు మెల్లగా పడమటికి తిరిగింది.