నీళ్ళు పోయే మూల

వాన వెలిసిందో లేదో, ఆ ముసలాయన మళ్ళీ వచ్చి పెరటి గోడ పక్కన నిలబడ్డాడు.

తిప్పమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. ఇది నాలుగోసారి.

ఎండ కాసిన రోజు రాడు. వాన పడితే వస్తాడు. ఎగగట్టిన పంచె, నెత్తిన ప్లాస్టిక్ సంచి. ఎడమ చెవి కొస తెగి ఉంటుంది. ఏమీ అడగడు. మోకాటి ఎత్తు గోడ మీదుగా పెరడు చూస్తాడు, పోతాడు.

“మా, నీ సుట్టం వచ్చినాడు,” అని కొడుకు మారుతి ఎగతాళి చేశాడు.

ఆ ఏడు ఎమ్మిగనూరును వాన పట్టి వదల్లేదు. చేలల్లో కూలి పనులు నిలిచిపోయాయి. పెరట్లో వంగ, టమాట, మిరప కాస్తేనే ఇంట్లో నలుగురికి కూర. లేకుంటే ఉత్త కారంలో ముద్ద అద్దుకోవడమే.

ఆ చెట్లు రోజుకొకటి పసుపెక్కి తల వేలాడేస్తున్నాయి. పీకి చూస్తే వేరు నల్లగా, మెత్తగా, కుళ్ళు వాసన.

తిప్పమ్మ ఏ లోటూ చేయలేదు. ప్రతి చెట్టుకూ పళ్ళెమంత పాదు తీసింది. పెరడు చుట్టూ జానెడు గట్టు వేసింది. చిన్నప్పటి నుంచీ బిందెలతో నీళ్ళు మోసిన చేతులవి. పడిన చుక్క పడినచోటే ఉండాలి.

ఆ రోజు ఉండబట్టలేక బయటికి వచ్చి ఏ ఊరని అడిగింది. గోనెగండ్ల అన్నాడు. బస్సులో వచ్చానన్నాడు. ఎవరింటికని అడిగితే పెరటి వైపే చూశాడు.

గోడ మీదుగా వంగి, పాదుల్లో నిలిచిన నీళ్ళు చూపించాడు.

“పాదులు పూడ్చెయ్యి తల్లీ. ఇది నల్లరేగడి. తాగిన నీళ్ళు కక్కదు. మట్టి ఎగదోసి బోదె చెయ్యి. బోదె మీద నాటు.”

“మరి నీళ్ళు యాడికి పోవాలప్పా?”

“ఆ మూలకు. ఎప్పుడూ ఆ మూలకే పోతాయి.”

“నీకెట్ల తెలుసు?”

ఆయన మూల వైపే చూస్తూ తల గోక్కున్నాడు.

నీళ్ళను వదిలెయ్యమనే మనిషిని తిప్పమ్మ తన పుట్టుకలో చూడలేదు. నవ్వుకుంటూ పోయి పక్కింటి లక్ష్మక్కకు చెప్పింది. లక్ష్మక్క నవ్వలేదు. పనిలేక చూసిపోయేవాడు ఎవడూ ఉండడని, స్థలం మీద కన్ను పడినవాళ్ళే ఇట్లా వచ్చి హద్దులు చూసుకుంటారని, ఆదోనిలో తన ఆడబిడ్డ వాళ్ళ స్థలం అట్లే పోయిందని చెప్పింది.

ఆ మాట మారుతి చెవిన పడింది. తమదంటూ ఉన్నది ఆ రెండు సెంట్లే. ఇక ఎగతాళి మానేశాడు.

తర్వాతి వానకు ముసలాయన గోడ దాటి లోపలికే దిగాడు. మూలన గట్టును చేత్తోనే తెంపాడు. అక్కడున్న నాలుగు వంగచెట్లకు మట్టి ఎగదోస్తున్నాడు. తెగినచోట నీళ్ళు జారి, గోడ కింది కంతలోంచి వీధి కాలువలోకి పోతున్నాయి.

మారుతి కేకలు వేయలేదు. ట్రంకు పెట్టెలోంచి పత్రాల కట్ట తెచ్చి ఆయన మొహం ముందు పెట్టాడు.

“సూడు పెద్దాయనా. మేం కొన్న పత్రం, దాని యెనక పాత పత్రాలు, అన్నీ ఉండాయి. నీ కత ఈడ నడవదు.”

ముసలాయన పంచెకు చేతులు తుడుచుకుని కట్ట అందుకున్నాడు. ఒక్కొక్క కాగితమే తిప్పాడు. అట్టడుగు కాగితం దగ్గర ఆయన బొటనవేలు ఆగింది. అక్కడే ఉండిపోయింది.

“సదువొస్తాదా?”

“రాదప్పా.”

“మరేం సూస్తాండావు?”

కట్ట తిరిగి ఇచ్చాడు.

“తడవనియ్యద్దు నాయనా. బద్రంగా పెట్టుకో.”

బురద కాళ్ళతోనే వెళ్ళిపోయాడు. మారుతి పార తెచ్చి తెగిన గట్టును పూడ్చాడు.

మరుసటి రోజు నుంచి ఐదు రోజులు ఒకటే వాన. టమాట పోయింది. మిరప పోయింది. పాదుల్లో కప్పలు కాపురం పెట్టాయి. మూలన ముసలాయన మట్టి ఎగదోసిన నాలుగు వంగచెట్లు మాత్రం తలెత్తుకుని నిలబడ్డాయి. పైగా పూత వేశాయి.

కారంలో ముద్ద అద్దుకుంటూ ఇంట్లో ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

ఆరో రోజు తిప్పమ్మే పార పట్టి మూలన గట్టు తెంపింది. ఎవరో పిలిచినట్టు నీళ్ళన్నీ ఆ మూలకే నడిచాయి. పొద్దు వాలేసరికి పెరడు తేలింది. పాదులు పూడ్చి, బోదెలు చేసి, మళ్ళీ విత్తింది.

నెల తిరిగింది. మధ్యలో మూడు వానలు పడ్డాయి. ప్రతి వానకూ తిప్పమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. గోడ పక్కన ఎవరూ లేరు.

మూలన నిలిచిన వంగచెట్లు కాశాయి. తొలి కాయలు ఇంట్లో వండనివ్వలేదు. సంచిలో వేసుకుని గోనెగండ్ల బస్సెక్కింది.

చెవి కొస తెగిన ముసలాయన అని అడిగితే, బజారి అనే ఆయన ఇల్లని చూపించారు. ఇంట్లో కోడలు రాధిక ఉంది. మామ పోయి పదిహేను రోజులైందని చెప్పింది.

“వాన పడితే ఇంట్లో నిలిచేటోడు కాదక్కా. సేను మునుగుతాంటాదని బస్సెక్కి పోయేటోడు. మాకు సేను యాడిది? నేను కాపురానికి వచ్చినాక సూసిందే ల్యా.”

తిప్పమ్మ కాయలు ఆమె కొంగులో పోసి వచ్చేసింది.

ఇంటికొచ్చి కొడుకుకు ఆ పేరు చెప్పింది. మారుతి ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి పత్రాల కట్ట విప్పాడు.

వీధులూ ఇళ్ళూ లేనినాడు ఆ నేలంతా ఒకే చేనుగా అమ్మిన అట్టడుగు పత్రంలో బజారి అనే పేరుంది, పేరు పక్కన ఎడమ చెవి కొస తెగిన నల్లమీసాల మనిషి ఫోటో ఉంది, ఫోటో కింద ఇరవై ఏళ్ళ నాటి వేలిముద్ర మీద, ఎండిపోయిన బురదతో, అదే వేలు మళ్ళీ పడి ఉంది.