కరగని కాటుక

"మొహం కడగడానికి మూడు సీసాలా? మాకు చెంబుడు నీళ్లు చాలేవి," అంది అంకాలమ్మ, కొత్త కోడలి పెట్టెలోకి తొంగిచూస్తూ.

"పౌడరు తీసేదానికి ఈ నీళ్లమందు, పెదాల రంగుకు ఈ వెన్న, తడికి కరగని కాటుకకు ఈ నూనె. దూదితో అద్ది కాసేపు ఉంచాల, రుద్దకూడదత్తా," అంది వినీల.

"కాటుకకు ఇంత మర్యాదా? మీ మామకు కూడా నేనింత చేయలా."

పెళ్లిలో బ్యూటీషియన్ తనకూ దిద్దిన కాటుకను అంకాలమ్మ పెరట్లో సబ్బుతో తోమింది. కాసేపటికి ఎర్రటి కళ్లతో, చెంపల మీద నల్లటి చారలతో తిరిగొచ్చింది.

"ఆ నూనె ఇట్టా ఇయ్యి. ఈ మొహంతో రేపు హార్బర్లో చేపల వేలంపాటకు పోతే, కోడలొచ్చిన మర్నాడే ఏడ్చినానంటారు."

"ఏడిపించింది నేనంటారు. ఇట్టా కూర్చో అత్తా," అంది వినీల, దూది తడుపుతూ.