నాలుగో కుర్చీ

వయసు మళ్లిన యాత్రికులను అడవిదారిలో పాత కోటగోడ దాకా నెమ్మదిగా నడిపించాలని బ్లెస్సీ ప్లాన్ వేస్తోంది. ఎక్కడెక్కడ కుర్చీలు వేయాలో చూపించడానికి ఆ ఊరి జంపయ్య తాత వెంట వచ్చాడు.

ఆయన కొంతదూరం నడిచి ఆగేవాడు. వెనక్కి తిరిగి చూసేవాడు. దూరం అంచనా వేస్తున్నాడనుకుంది బ్లెస్సీ. "ఈడ దమ్ము తీసుకోవాలె" అనేవాడు. సరిగ్గా అక్కడే నీడ, చదును నేల. అలా మూడుచోట్ల ఆమె సున్నంతో గుర్తు పెట్టింది.

నాలుగోచోట ఆయన నేలకు వంగి, "నాగక్కా" అని మెల్లగా మూడుసార్లు పిలిచాడు.

"ఎవరు తాతా?"

"మా ఇంటామె. దవాఖానకని డోలీల మోసుకపోయినం. గా మూడు జాగలకాడ దించినప్పుడు మంచినీళ్లడిగింది. ఈడ దించితే అడగలే. చెవికాడ పిలిచినం, పలకలే."

బ్లెస్సీ చేతిలో సున్నం చేతిలోనే ఉండిపోయింది.

"అయితే ఇక్కడ కుర్చీ వద్దులే తాతా."

జంపయ్య మళ్లీ వెనక్కి చూశాడు.

"ఎయ్యి బిడ్డా. పొద్దుగాల సంది మనెంబడే నడుస్తున్నది. కూసుందామంటే జాగనే లేకపాయె."