జెండా లేని చోట

తెల్లవారి టైలరమ్మ వెళ్లేసరికి జెండా నిలబడే ఉంది. దాని కింద ఇసుక తవ్వేసి ఉంది.

గుంటలో ఒక్క గుడ్డు లేదు.

ఈ సీజన్లో ఇది మొదటిది కాదు. ఎక్కడ జెండా ఉంటే అక్కడల్లా ఇదే వరస.

తాబేళ్ల రక్షణ సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. తల్లి తాబేలు ఒడ్డున గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోగానే, ఎవరూ తొక్కకుండా ఆ చోట ఎర్రజెండా పాతడం సంఘం పద్ధతి. జెండాలు ఆవిడే కుట్టింది, జాకెట్ల లైనింగులో మిగిలిన ముక్కలతో. మధ్యలో తాబేలు బొమ్మ కూడా అతికించింది. అది కాళ్లొచ్చిన గుండీలా ఉందని గిట్టనివాళ్లు అనేవారు.

ఎంత దూరం నుంచైనా జెండా కనబడాలని ఆవిడ పట్టుదల. కనబడేది కూడా, అందరికీ.

పడవల పెద్దకి ఓపిక నశించింది. సంఘం మాట మీద ఒడ్డు దగ్గర వలలు వేయకుండా పడవలన్నీ ఆపించిన మనిషి ఆయన. మంచివాడే గానీ, ముక్కు మీద కోపం.

"మా పొట్టలు మాడ్చుకుని ఖాళీ గుంటలకి కాపలా కాయలేమమ్మా. ఈ ఏడు కూడా ఒక్క పిల్లైనా నీళ్లలోకి వెళ్లకపోతే మా వలలు మేం వేసుకుంటాం," అన్నాడు.

ఒడ్డున వలలు పడితే తల్లి తాబేళ్లు వాటిలోనే చిక్కి చస్తాయి. టైలరమ్మకి చేతులాడలేదు. ఆ రోజు కుట్టిన జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే పడ్డాయి. అత్తగారు నవ్వు ఆపుకుంటూ కుట్లు విప్పింది.

మర్నాడు పొద్దున్నే దొంగ దొరికాడు.

దొరికినవాడు చీపురాయన. ఈ మధ్యే ఎక్కడినుంచో వచ్చి, ఐసు గోడౌను అరుగు మీద పడుకుంటున్న ముసలాయన. ఎప్పుడు చూసినా ఒక చెట్టుకొమ్మ ఈడ్చుకుంటూ ఒడ్డంతా ఊడ్చేవాడు. సముద్రపొడ్డు ఊడ్చేవాడికి ఇంకేం పేరు పెడతారు? ఊరూ పేరూ అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

ఇప్పుడాయన టైలరమ్మ జెండా పీకుతున్నాడు. చంకలో ఇంకొకటి ఉంది.

"దొంగ" అని ఆవిడ పెట్టిన కేకకి ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది.

"ఎందుకు పీకావు?"

ముసలాయన చుట్టూ ఉన్న మొహాల్ని ఒక్కొక్కటే చూశాడు.

"ఇంతమందిలో చెప్పేది కాదమ్మా."

"చేసేటప్పుడు లేని సిగ్గు చెప్పేటప్పుడు ఎందుకయ్యా?"

"కొన్నాళ్లు ఓపిక పట్టండి," అన్నాడు.

కొట్టలేదు గానీ, అంతకన్నా పెద్ద మర్యాదేమీ చేయలేదు. బస్సెక్కించి, మళ్లీ ఈ ఛాయలకి రావద్దన్నారు. బస్సు కదులుతుంటే ఆయన కిటికీలోంచి, పీకిన జెండా మళ్లీ పాతవద్దని చేతులు జోడించి బతిమాలాడు.

ఆ మాటతో ఆవిడకి ఒళ్లు మండింది. తిన్నగా వెళ్లి ఆ జెండాని ఆ చోటే కసిదీరా పాతింది.

రెండు రోజులు తిరక్కుండా అక్కడా తవ్వేశారు. ఈసారి గుంట పక్కన పగిలిన గుడ్లు కూడా కనిపించాయి. దొంగ వెళ్లిపోయాక దొంగతనం ఎలా జరిగిందని ఎవరో అడిగితే, వాడికి తోడుదొంగ ఉండి ఉంటాడని సంఘం తీర్మానించింది.

నెల దాటాక ఒక సాయంత్రం పడవల పెద్ద అందర్నీ ఒడ్డుకి పిలిచాడు. జెండాలకి దూరంగా, చదునుగా ఉన్న చోట చూసుకుని నిలబడ్డాడు.

"ఇక లాభం లేదు. రేపట్నుంచి మన వలలు..." అని ఆగిపోయాడు.

పాదం కింద ఏదో గిలిగింతలు పెట్టింది. కిందికి చూసి కాలెత్తాడు. ఇసుకలోంచి ఒక బుల్లి తల, దాని వెనక ఇంకోటి, ఆ వెనక బిలబిలమంటూ ఓ పిల్లల దండు. ఆయన ఎత్తిన కాలు దించే చోటు లేదు. ఊరందరి మీదా ఒంటికాలి మీద లేచే మనిషి, పిల్లలన్నీ నీళ్లు చేరేదాకా నిజంగానే ఒంటికాలి మీద నిలబడ్డాడు.

వలల సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ వారంలోనే ఇంకో చోట, మరో చోట పిల్లలు లేచాయి. ఎక్కడా జెండా లేదు. అప్పటికి టైలరమ్మకి అర్థమైంది. ముసలాయన జెండాలు పీకి, గుడ్లు లేని చోట పాతాడు. తల్లి తాబేలు నడిచిన జాడ కొమ్మతో చెరిపేశాడు. దొంగలు జెండాలు చూసుకుని ఒట్టి ఇసుక తవ్వుకుపోయారు. నిజంగా పోయిన గుడ్లు ఒక్కచోటివే, ఆవిడ కసిగా జెండా పాతిన చోటివి.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. బస్టాండుకి పరిగెత్తింది. ఆయన ఎక్కడ దిగాడో కండక్టరుకి గుర్తులేదు. ఎవర్ని వెతుకుతున్నావంటే చెప్పడానికి ఆవిడ దగ్గర పేరు కూడా లేదు.

ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూలబడి ఏడ్చింది.

కాజాలు కుడుతున్న అత్తగారు ఓదార్చింది. మోకాళ్ల నొప్పులతో గడప దాటని ఆవిడ, ఆ మనిషిని చూడనే లేదు.

"ఎలా ఉంటాడే?"

"ఏముంది అత్తయ్యా, ముసలాయన. నాలుగడుగులు నడిచి మడమతో ఇసుక తట్టేవాడు. మళ్లీ నడిచి మళ్లీ తట్టేవాడు. పిచ్చనుకున్నాం."

అత్తగారి చేతిలో సూది ఆగింది.

"అలా తట్టి గుడ్లెక్కడున్నాయో పట్టగలిగినవాడు ఈ ఒడ్డున ఒక్కడేనే అమ్మాయ్," అంది తల ఎత్తకుండా. "నువ్వీ ఇంటికి రాకముందు నేను సంతలో గంపలకొద్దీ అమ్మిన తాబేలు గుడ్లన్నీ తవ్వి తెచ్చింది అతనే."