సన్నటి వేళ్లు

"మీరు ఇయ్యాల వచ్చినా అదే మాట, రేపొచ్చినా అదే మాట. మానస బడికి రాదు టీచరమ్మా!" ఈరన్న గొంతు వాకిలి దాటి వీధిలోకి వినిపిస్తోంది.

సుహాసిని టీచర్ గొడుగు మూసి గోడకు ఆనించింది. "నీ బిడ్డ తొమ్మిదో తరగతిల అందరికన్న ముందుంది ఈరన్నా. ఇప్పుడు పత్తి చేన్ల పెడితే మళ్ల బడి మొహం చూస్తదా?"

మంచం మీద కూర్చున్న రామన్న మీసం దువ్వుకున్నాడు. ఆయన ఈరన్నకు అన్న. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్దచేసినవాడు. ఆయన ముందు ఈరన్న ఇంతవరకు 'కాదు' అనలేదు, అనడం రాదు కూడా. గద్వాల పక్క విత్తనాల కంపెనీలకు సీడ్ పత్తి వేసినవాళ్లకు ఈ కాలంలో కంటికి కునుకుండదు. క్రాసింగ్ అంటే మాటలా? పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు రుద్దాలి. దానికి ఆడపిల్లల సన్నటి వేళ్లే కావాలట! మగపిల్లలకు అసలు వేళ్లే లేనట్టు.

"మా అన్న చేనికి పిల్లను తోలుతనని మాటిచ్చిన. అంతే!" అన్నాడు ఈరన్న. "కావాల్నంటే మా అమ్మను అడుగుర్రి. అమ్మా, నువ్వేమంటవే?"

మూలన బియ్యం చెరుగుతున్న సత్తెమ్మ చేతిలోంచి చాట జారిపడింది. ముడి విప్పి జుట్టు విరబోసుకుంది. ఒక్క కేక పెట్టి ఊగడం మొదలుపెట్టింది.

"జమ్ములమ్మ తల్లి వచ్చింది!" ఈరన్న అందరికంటే ముందు సాగిలపడ్డాడు. పూనకాలు గీనకాలు ఏమీ లేవని క్లాసులో చెప్పే సుహాసిని టీచర్ కూడా గబగబా చెప్పులు విడిచి చేతులు జోడించింది.

"ఎవడ్రా నా బిడ్డను బడి మాన్పిచ్చేది?"

రామన్న మంచం దిగాడు. "తప్పయింది తల్లీ! క్రాసింగ్ జర అయిపోనియ్యి. దసరా అయినంక నేనే తోల్కపోయి బడిల దించొస్త."

"నాతోనే బేరమాడుతవారా? నీ కొడుకు శ్రవణ్ పొద్దంత ఫోన్ ఒత్తుకుంట కూసుంటడు. వాన్ని తోలు చేనికి!"

"వానికి ఎండ పడదు తల్లీ…"

"అయితే నీ చేనికి వాన పడదు పో!"

రామన్నకు ముచ్చెమటలు పట్టాయి. "వద్దు తల్లీ, వద్దు! వాన్నే తోలుత. మానస ఎంతదాక సదువుతదో సదువనియ్యి, నేను అడ్డం రాను" అంటూ లెంపలు వేసుకున్నాడు. తల్లి శాంతించింది. సత్తెమ్మ గోడకు జారగిలబడి కళ్లు మూసుకుంది.

తలుపు వెనక నిలబడి ఏడుస్తున్న మానస ఇక ఒక్క క్షణం ఆగలేదు. జడ సగమే అల్లుకుని, బ్యాగు తగిలించుకుని టీచర్ వెనక ఉరికింది. ఆ పిల్ల మొహంలో సంతోషం చూసి తీరాలి! రామన్న మాత్రం కొడుకును నిద్ర లేపడానికి గొణుక్కుంటూ పోయాడు.

వాకిలి ఖాళీ అయింది. ఈరన్న తలుపు దగ్గరకు వేసి, తల్లికి చెంబుతో నీళ్లిచ్చి, చెవి దగ్గర చేరాడు.

"నేను నేర్పిచ్చినదానికన్న మస్తు చేసినవే అమ్మా!"